ఒడ్డుకు కనబడని సముద్రం

కళింగపట్నం ఇసుకలో నిలబడిన ఏడెనిమిదేళ్ళ పిల్లవాడికి సముద్రం ఎంత మేరకు కనబడుతుంది? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, అతని కంటి ఎత్తు నుంచి చూస్తే సుమారు 4 కిలోమీటర్లు. అక్కడ నీరూ ఆకాశమూ కలిసే గీత ఉంటుంది. ఆ గీత దాటిన ఫైబరు పడవకు ముందు అడుగు భాగం మాయమవుతుంది, తర్వాత అందులో కూర్చున్న మనుషులు, ఆ తర్వాత అంతా. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకు ఉన్నది చిన్న ముక్క, పూసపాటిరేగ, భోగాపురం మండలాల పొడవునా. ఈ తీరమంతటా వాడబలిజ, జాలరి కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు తండ్రి పనిచేసే చోటు ఆ గీతకు అవతలే.

రైతు ఇంటి పిల్లలు నాన్న దమ్ము చేయడం చూస్తూ పెరుగుతారు. పొందూరులో నూలు వడికే ఇంట పుట్టిన పిల్లకు రాట్నం చప్పుడు పుట్టినప్పటి నుంచీ తెలుసు. జాలరి ఇంటి పిల్లకు తెలిసేది రెండే: తండ్రి వెళ్ళడం, తండ్రి రావడం. తెల్లవారకముందు పదిమంది భుజం పట్టి పడవను నీళ్ళలోకి నెట్టడం, రెండు అలల మధ్య సందు చూసి ఒక్కసారిగా ఎక్కడం, పొడవాటి ఇరుసున్న ఇంజను కిందికి దించి దడదడమంటూ అల దాటించడం, ఇంతవరకు ఆమె కళ్ళారా చూస్తుంది. మధ్యాహ్నానికో, మర్నాటికో వల దులపడం చూస్తుంది. ఈ రెంటికీ నడుమ జరిగేదంతా ఆమెకు చీకటి. పెద్దలు పెద్దగా చెప్పరు. వేట గురించి ఇంట్లో జరిగే మాటలు ఎక్కువగా చేపల ధర, డీజిలు ఖర్చు, వల చిరుగుల గురించే.

చిన్నతనంలో చూసిన సముద్రపు సినిమా ఒకటి కొందరిని జీవితాంతం వదలకపోవడానికి కారణం వెతికితే, ఈ చీకటి దగ్గరే దొరుకుతుంది. తుఫాను దృశ్యాలు, పెద్ద ఓడలు, తిమింగలాలు పిల్లలను ఆకట్టుకోవడం నిజమే. అయితే అవి ఆశ్చర్యం కలిగించి వెళ్ళిపోతాయి. మనసులో దిగబడి ఉండిపోయేది ఒడ్డుకు కనబడని భాగాన్ని చూపించిన సినిమా. పెద్దలు అక్కడ ఎలా ఉంటారు, ఎవరిమీద ఎవరు కోప్పడతారు, ఏం తింటారు, ప్రమాదం వస్తే ఎవరు ఎవరి చేయి పట్టుకుంటారు, ఇవన్నీ చూపించినది.

ఈ వాదనకు 1937లో వచ్చిన ‘కెప్టెన్స్ కరేజియస్’ కంటే మంచి ఉదాహరణ లేదు. ఎం.జి.ఎం. సంస్థకు విక్టర్ ఫ్లెమింగ్ తీసిన నలుపు తెలుపు చిత్రం అది. రడ్యార్డ్ కిప్లింగ్ 1897లో ప్రచురించిన నవల దానికి ఆధారం. కథ సులువుగా చెప్పవచ్చు. హార్వీ అనే ధనవంతుల బిడ్డ, తల్లి లేనివాడు, తండ్రికి వ్యాపారం తప్ప తీరిక లేదు. పిల్లవాడు అబద్ధాలతో, డబ్బు ఆశ చూపి పనులు జరిపించుకోవడంతో బడిలో చెడ్డపేరు తెచ్చుకుంటాడు. తండ్రితో పెద్ద ఓడలో ప్రయాణిస్తూ సముద్రంలో పడిపోతాడు. మాన్యుయెల్ అనే పోర్చుగీసు జాలరి తన చిన్న పడవలోంచి అతన్ని పైకి లాగుతాడు. అమెరికాలోని గ్లాస్టర్ రేవు నుంచి కాడ్ చేపల వేటకు వచ్చిన తెరచాప ఓడ వారిది. వేట కాలం ముగిసేవరకు ఒడ్డుకు వెనుదిరిగేది లేదని సరంగు తేల్చి చెబుతాడు. ఒక పిల్లవాడి కోసం ఓడ తిప్పితే అందరి కూలీ పోతుంది. నెలకు 3 డాలర్ల జీతం మీద హార్వీ ఆ ఓడలో పనివాడవుతాడు.

ఇక్కడినుంచి సినిమా చేసే పని గమనించదగ్గది. పిల్లవాడిని వేట జరిగే చోట, పెద్దవాళ్ళ మధ్య, నెలల తరబడి ఉంచుతుంది. తీరాన ఉన్న ప్రతి పిల్లా ఏదో ఒక రోజు ‘నన్నూ తీసుకెళ్ళు నాన్నా’ అని ఏడ్చి ఉంటుంది. ఆ కోరికను ఈ కథ తీరుస్తుంది. చేపలు పట్టే పందెంలో మాన్యుయెల్ గెలవాలని హార్వీ రహస్యంగా ఇంకొక జాలరి గాలపు తాళ్ళను చిక్కులు పెడతాడు. ఆ గాలాలు ఆ జాలరి చేతికి గుచ్చుకుంటాయి. తన కోసమే పిల్లవాడు ఈ పని చేశాడని తెలిసి మాన్యుయెల్ సంతోషించడు. పట్టిన చేపలను తిరిగి నీళ్ళలో పారేస్తాడు. మోసంతో వచ్చిన గెలుపు తనకు అక్కర్లేదని మాటల్లో చెప్పే అవసరం ఆ మనిషికి లేదు. చేపలు పట్టడమే బతుకైన ఇంట్లో పెరిగిన పిల్ల ఆ దృశ్యాన్ని నగరంలో పెరిగిన పిల్ల చూసినట్టు చూడదు. పట్టిన చేపను పారేయడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ నష్టం ఎంతో ఆమె లెక్క వేయగలదు. అందుకే మాన్యుయెల్ ఎంత పెద్దమనిషో ఆమెకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంగ్లీషు రాని పిల్లలకు ఈ సినిమా ఎలా అందుతుంది అని అనుమానం రావచ్చు. ఒకప్పుడు టూరింగ్ టాకీసుల్లో, తర్వాత అద్దె వీడియో క్యాసెట్లలో, ఇప్పుడు ఫోనులో, మన పల్లెల్లో పరభాషా చిత్రాలను మాటలు అర్థం కాకుండానే చూడటం మామూలే. ఈ చిత్రం విషయంలో ఆ లోటు ఒక విధంగా కలిసి వస్తుంది. హార్వీకి ఓడ మీది పని తెలియదు, పనివాళ్ళ మాటతీరు తెలియదు, మొహాలు చూసి అర్థం చేసుకోవలసిందే. భాష రాని ప్రేక్షకుడూ అదే స్థితిలో ఉంటాడు. చివరికి మాన్యుయెల్ నీళ్ళలో చిక్కుకున్నప్పుడు, తన ఒంటి సగభాగం నలిగిపోయిందని, ఇక బతకనని పక్కవారితో పోర్చుగీసులో చెబుతాడు, పిల్లవాడికి అర్థం కాకూడదని. ఆ క్షణంలో హార్వీకి ఎంత తెలుసో, కొత్తవలసలో కూర్చుని చూస్తున్న పిల్లకూ అంతే తెలుసు. పెద్దవాళ్ళ కళ్ళు చూస్తుంది, గొంతులో మార్పు వింటుంది. ఏదో దాస్తున్నారని గ్రహిస్తుంది. చెడ్డ వార్త ఇంటికి వచ్చినప్పుడు పిల్లల ముందు పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం చూసిన వారికి ఈ దృశ్యం కొత్తది కాదు.

ఆ మరణ దృశ్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి. రెండు ఓడలు రేవుకు ముందెవరు చేరాలా అని పోటీ పడుతుంటాయి. గాలి ఎక్కువగా ఉన్నా చాపలు దించరు. స్తంభం విరుగుతుంది. పైన ఉన్న మాన్యుయెల్ తాళ్ళతో, చాపతో సహా మంచు నీళ్ళలో పడతాడు. తాళ్ళు అతన్ని నలిపేస్తున్నాయి, విరిగిన స్తంభం ఓడను లాగుతోంది. తాడు కోస్తే మనిషి పోతాడు, కోయకపోయినా పోతాడు. హార్వీ చిన్న పడవలో అతని దగ్గరికి వెళ్ళి చేయి చాస్తాడు. మాన్యుయెల్ నవ్వుతూ మాట్లాడతాడు. చనిపోయిన తన తండ్రి దగ్గరికి చేపలు పట్టడానికి వెళ్తున్నానంటాడు. తాడు కోస్తారు. ఆ మొహం నీళ్ళలోకి దిగిపోతుంది. మాన్యుయెల్‌గా నటించిన స్పెన్సర్ ట్రేసీకి ఆ ఏడాది ఉత్తమ నటుడి ఆస్కార్ దక్కింది. ఈ ఒక్క దృశ్యానికే ఇచ్చినా తప్పులేదు.

తెలుసుకోవలసిన విశేషం ఏమిటంటే, కిప్లింగ్ నవలలో మాన్యుయెల్ చనిపోడు. అందులో అతనిది పెద్ద పాత్ర కూడా కాదు. హార్వీ వయసూ పదిహేను. సినిమావాళ్ళు పిల్లవాడి వయసు తగ్గించి, మాన్యుయెల్‌ను కథ మధ్యకు తెచ్చి, ఆ పైన అతన్ని చంపారు. పుస్తకం చదివినవారికి పని నేర్చుకున్న కుర్రవాడి కథ గుర్తుంటుంది. సినిమా చూసినవారికి ఒక మనిషి పోవడం గుర్తుంటుంది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ చిత్రాన్ని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవారు ఉన్నారంటే, ఆ మార్పే కారణం.

మరణాన్ని చూపిన సినిమాలు బోలెడు ఉన్నాయి. ఈ చావు ఎందుకు వేరు? దీనికి కారణం కళ్ళముందే ఉంది కాబట్టి. గాలి, ఎక్కువ చాప, పోటీ, విరిగిన స్తంభం. ఎవరి పాపమూ లేదు, ఎవరి శాపమూ లేదు. దీన్ని 1965 నాటి మలయాళ చిత్రం ‘చెమ్మీన్’తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. తకళి శివశంకర పిళ్ళై నవల ఆధారంగా రాము కరియత్ తీసిన ఆ చిత్రం గొప్పది. మన ‘మాయాబజార్’కు ఛాయాగ్రహణం చేసిన మార్కస్ బార్ట్లే దానికీ కెమెరా పట్టారు. ఆ సముద్రపు అందం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అయితే ఆ కథకు ఆధారమైన నమ్మకం ఒకటుంది: ఒడ్డున భార్య కట్టు తప్పితే కడలి తల్లి భర్తను మింగేస్తుందని. ఇలాంటి నమ్మకాలు మన తీరంలోనూ రకరకాల రూపాల్లో వినబడతాయి. గంగమ్మకు కోపం వచ్చిందనో, ఇంట్లో ఏదో అపచారం జరిగిందనో అంటారు. పెద్దల మాట ఎలా ఉన్నా, పిల్లల మనసులో అది పడే చోటు ప్రమాదకరమైనది. ఆరేడేళ్ళలోపు పిల్లలు తమ చుట్టూ జరిగేవాటికి తరచుగా తమ ప్రవర్తనే కారణమని నమ్ముతారని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జాఁ పియాజే కాలం నుంచీ మనస్తత్వ శాస్త్రం చెబుతూనే ఉంది. ముందురోజు అల్లరి చేసినందుకే నాన్న రాలేదని ఒక పిల్ల లోలోపల అనుకుంటే, ఆ బరువు ఎవరికీ చెప్పదు. స్తంభం విరిగి మనిషి పోయాడని చూపించిన సినిమా ఆ బరువును కొంత దించుతుంది. అది చావుకు కారణాలుంటాయని, అవి ఒడ్డున ఉన్న ఆడవాళ్ళ నడతలోనో పిల్లల అల్లరిలోనో ఉండవని చూపిస్తుంది. ఈ ఒక్క కారణానికే ఆ పాత హాలీవుడ్ చిత్రం మన తీరపు పిల్లలకు ‘చెమ్మీన్’ కంటే ముందు చేరాలని గట్టిగా అనిపిస్తుంది.

మరణం తర్వాత వచ్చే భాగం ఇంకా ముఖ్యం. గ్లాస్టర్ చేరాక, ఆ ఏడాది సముద్రంలో పోయిన వారందరికోసం ఊరంతా నీటి దగ్గర చేరుతుంది. పేర్లు చదువుతారు. కుటుంబాలు పూల చక్రాలను నీళ్ళలో వదులుతాయి. అది సినిమా కోసం పుట్టించిన తంతు కాదు, ఆ ఊళ్ళో నిజంగా జరిగేదే. సముద్రంలో పోయిన 5 వేలమందికి పైగా గ్లాస్టర్ జాలరుల పేర్లు అక్కడి స్మారకం దగ్గర చెక్కి ఉన్నాయి. చుక్కాని చక్రం పట్టుకుని నిలబడిన జాలరి విగ్రహం 1925 నుంచి రేవు వైపు చూస్తూ ఉంది.

సముద్రంలో మనిషి పోతే చాలాసార్లు దేహం దొరకదు. నేల మీది చావుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. దేహం లేని ఇంట్లో ఏడవాలో ఎదురుచూడాలో తెలియదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ దీనికి ‘అస్పష్ట వియోగం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, 1970ల నుంచి దాని మీద పనిచేశారు. పోయాడని తేలకపోతే మనసు ముందుకు కదలదు, వెనక్కీ రాదు, అక్కడే ఇరుక్కుంటుంది. చట్టమూ తొందరపడదు. ఏడేళ్ళపాటు ఎవరికీ కబురు అందకపోతేనే మనిషి మరణించినట్టు భావించవచ్చని పాత సాక్ష్యాధార చట్టం 108వ సెక్షను చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ 111వ సెక్షనుగా అదే ఉంది. దేహం లేనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన ధర్మశాస్త్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఆ విధిని ఏర్పరచిన వారికి ఈ ఇరుకు తెలిసే ఉండాలి. కానీ ఆ కార్యం పెద్దలది. పిల్లలను దూరంగా పంపేస్తారు, బంధువుల ఇంటికో, పక్క వీధికో.

సినిమాలో హార్వీని ఎవరూ దూరంగా పంపరు. అతను మాన్యుయెల్ పోవడం చూస్తాడు, చివరి మాట వింటాడు, పేరు చదువుతుండగా నిలబడతాడు, పూలు నీళ్ళలో వదులుతాడు. పక్కన తండ్రి ఉంటాడు, ఆ దుఃఖాన్ని ఆపే ప్రయత్నం చేయకుండా. నిజ జీవితంలో తీరపు పిల్లలకు అరుదుగా దక్కే వీడ్కోలు అది. ఆ దృశ్యం దగ్గర ఏడ్చిన పిల్ల మాన్యుయెల్ కోసం మాత్రమే ఏడుస్తుందని అనుకోలేం. తన ఇంట్లోనో, పక్కింట్లోనో ఎప్పుడో ఆగిపోయిన ఏడుపు కూడా అందులో కలుస్తుంది. మనసును అంత బలంగా కదిపిన అనుభవాన్ని మెదడు గట్టిగా నిలుపుకుంటుందని జ్ఞాపకశక్తి పరిశోధనలు ఎన్నో చెప్పాయి. నలభై ఏళ్ళు గడిచాక కథ పేర్లు మరిచిపోయినా, నీళ్ళలోకి దిగిపోయే మొహం మాత్రం అలాగే ఉండటంలో ఆశ్చర్యం లేదు.

విజయనగరం పట్టణంలో, బొబ్బిలిలో, పాలకొండలో పెరిగే పిల్లల సంగతి వేరు. వారికి సముద్రం అంటే చింతపల్లిలోనో భీమిలిలోనో సెలవురోజు సరదా. వారికి ఇదే సినిమా ఒక మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకున్న కథగా మిగులుతుంది. అదీ తక్కువేమీ కాదు. బజారులో కొన్న చేప వెనుక ఒక మనిషి చేయి ఉందని ఆ పిల్లకు మొదటిసారి తడుతుంది.

తెలుగు సినిమా ఈ పని ఎందుకు చేయలేదన్నది బాధ కలిగించే ప్రశ్న. ఇంత పొడవైన తీరం ఉన్న రాష్ట్రంలో సముద్రం దశాబ్దాలపాటు పాటలకు తెరగా, దొంగ సరుకు దించే చోటుగా మిగిలిపోయింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ ఆ లోటును కొంత తీర్చింది. దాని వెనుక ఉన్నది మన జిల్లాల అసలు కథే. ఇక్కడ సరైన రేవులు, జెట్టీలు లేక శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి, అక్కడి మర బోట్ల మీద నెలల తరబడి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవారు పాకిస్తాన్ దళాలకు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళలో పిల్లలు ఎలా పెరిగారు? అమ్మ జిల్లా కేంద్రానికి ఎందుకు తిరుగుతోంది, టీవీలో తమ ఊరి పేరు ఎందుకు వస్తోంది, నాన్న ఏ తప్పు చేసి జైల్లో ఉన్నాడు అని వారు ఏమని అర్థం చేసుకున్నారు? ‘తండేల్’ ప్రేమకథగా నడిచింది, ప్రియురాలి ఎదురుచూపును చూపించింది, దాని హద్దుల్లో నిజాయితీగానే చూపించింది. పిల్లల ఎదురుచూపు మాత్రం ఇంకా తెరకెక్కలేదు. వెరావల్ బోటు మీద, వంటవాడి పక్కన, తండ్రితో పాటు ఉన్న ఒక పిల్లవాడి కళ్ళతో ఆ కథ తీయగల దర్శకుడు ఈ జిల్లాల నుంచే రావాలి. తెలుగు కథలన్నిటినీ ఒకచోట భద్రపరిచే కథానిలయం ఉన్న నేల ఇది. కథలు చెప్పగలవారికి ఇక్కడ కొదవ లేదు.

సముద్రపు సినిమాలన్నీ పిల్లలకు మేలు చేస్తాయని చెప్పడం సరికాదు. 1975 నాటి సొరచేప చిత్రం ‘జాస్’ చూసిన పిల్లలు పెద్దయ్యాక కూడా నీళ్ళలో దిగడానికి భయపడటం అమెరికాలో పరిశోధకురాలు జోయన్ కాంటర్ అధ్యయనాల్లో నమోదైంది. 1999లో ఆమె, క్రిస్టెన్ హారిసన్ కలిసి ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ విద్యార్థుల్లో దాదాపు 90 శాతం మంది చిన్నప్పుడు తెరమీద చూసినదేదో తమను తీవ్రంగా భయపెట్టిందని చెప్పారు. నాలుగో వంతు మందికి ఆ భయం ఇంకా పోలేదు. ఆమె పరిశోధనల్లో తేలిన మరో సంగతి తల్లిదండ్రులకు పనికొస్తుంది: ఏడెనిమిదేళ్ళలోపు పిల్లలను వికృతంగా కనిపించేవి భయపెడతాయి. అంతకు పెద్దవారిని నిజంగా జరగగలిగేవి భయపెడతాయి. మాన్యుయెల్ మరణంలో రక్తం లేదు, రాక్షసి లేదు. అయినా అది పదేళ్ళ పిల్లను కదిలించేస్తుంది, నిజంగా జరగగలిగేది కాబట్టి. కళింగపట్నం రేవులో మూడో నంబరు హెచ్చరిక సూచిక ఎగరేశారని రేడియోలో విన్న ఇంట్లో ఆ నిజం మరీ దగ్గరిది. అలాంటి వారాల్లో ఈ సినిమా చూపించకూడదు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాన్ని చితకబాదిన తర్వాతి నెలల్లో ఏ పిల్లకూ ఇది చూపించవలసింది కాదు.

చూపించడానికి తగిన కాలం ఏటా దానంతట అదే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మర బోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. వెరావల్ వెళ్ళినవారిలో చాలామంది వేసవికి ఇళ్ళకు చేరతారు. బడులకు సెలవులూ అప్పుడే. తండ్రి ఇంట్లో ఉంటాడు, మధ్యాహ్నం ఇంటి ముందు నీడలో కూర్చుని వల అల్లుకుంటాడు. ఆయన పక్కన కూర్చుని ఈ చిత్రం చూసిన పిల్ల తప్పకుండా అడుగుతుంది: మీ బోటు మీదా ఇలాగే పడుకుంటారా, అంత పెద్ద అల ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఏం చేశారు, నీకు భయం వేసిందా అని. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది ఆయన ఒక్కడే. సినిమాలో తప్పులున్నా ఆయనే పట్టుకోగలడు. తాడు ఆ ముడి వేయరనో, అంత గాలిలో చాప అలా ఉంచితే ఏ సరంగూ ఊరుకోడనో చెబుతాడు. చాలా దృశ్యాలు స్టూడియోలో తీసినవని కూడా ఆయన కంటికే ముందు తెలుస్తుంది. అలా చెబుతూ చెబుతూ, ఇంటికి ఎన్నడూ తీసుకురాని మాటలు కొన్ని ఆయన నోట వస్తాయి: ఏ కొండ గుర్తు చూసి ఒడ్డుకు దారి పట్టారో, ఇంజను ఆగిపోయిన రాత్రి ఎవరు ధైర్యం చెప్పారో. పిల్ల అడిగినంతసేపు ఆయనను వల పక్కన పెట్టనివ్వాలి, తల్లి పిలిచినా సరే.